ఎలా ఉండేదో అలా

వెనిస్‌లో లా ఫెనీచె ఒపేరా హాలు 1996లో కాలిపోతే, అదే చోట, అదే రూపులో మళ్ళీ కట్టి 2003లో తలుపులు తీశారు. అది తలచుకున్నప్పుడల్లా నాకు నంద్యాల నాటకాలు గుర్తొస్తాయి. మన పద్యనాటకాన్ని ఎలా ఉండేదో అలా నిలబెట్టాలంటే ఏం కట్టాలి?

గోడలైతే కావు. 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకాలవాళ్ళు, ఆ తర్వాత తెరలూ రేకులూ బండ్లకెత్తి, హాలునే మోసుకుంటూ ఊళ్ళు తిరిగారు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాటితే అహోబిలం. అక్కడి నరసింహుడూ అంతే. సంక్రాంతి వెళ్ళగానే పారువేటకు బయల్దేరి, నలభై రోజులకు పైగా పల్లెల వెంట తిరుగుతాడు. ఓబయమంత్రి గరుడాచల యక్షగానం ఆయనదీ చెంచితదీ కథే. గుళ్ళో కుదురుగా ఉండని దేవుడికి హాలెందుకు?

హాలంటే నాకు చేదేం కాదు. నంద్యాలలో నాటక పోటీలు పెడితే పోయి చూస్తాను. పాత హాళ్ళకు రంగులేస్తామంటే సంతోషమే. ముంగిట నటరాజు కావాలంటే ఆళ్ళగడ్డ శిల్పులున్నారు, రాతిపనికి ఇంకో ఊరు పోనక్కర్లేదు.

కానీ నా చిన్నప్పటి చోటు హార్మోనియం పక్కన. కాళ్ళతో తొక్కే హార్మోనియం. పద్యం చివర నటుడు రాగం అందుకోగానే హార్మోనిస్టు మెట్ల వంక చూడడం మానేసి, అతని గొంతు నరం వంక చూసేవాడు. ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడికి వేళ్ళు ముందే చేరేవి. కింద పాదాలు మాత్రం వాటి తొక్కుడు అవి తొక్కేవి. వెనక నుంచి ‘వన్స్‌మోర్’ అని కేక. కాటిలో ఉన్న హరిశ్చంద్రుడు ఏడుపు ఆపి, గొంగడికి పది రూపాయల నోటు గుచ్చించుకుని, మళ్ళీ మొదటినుంచి ఏడ్చేవాడు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవకు ఈ రాగాల సాగదీత నచ్చేది కాదట. పెద్దాయన మాటే రైటేమో. ఆ కేక వేసినవాడు మాత్రం ఒప్పుకోడు.

ఇప్పుడు పోటీల్లో ఒక్కో నాటకానికి ఇంత టైమని గంట కొడతారు. ‘కురుక్షేత్రం’ అట్లా ఇమిడేది కాదు. రాయబారం వచ్చేసరికి ఊళ్ళో సగం మంది పిల్లలు గోనెపట్టాల మీద నిద్రపోయి ఉండాలి. కుషన్ కుర్చీలు వేయొచ్చు, ఏసీ పెట్టొచ్చు. ఆ నిద్ర ఎక్కడ పెడతారు?

యుద్ధం ఎవరు గెలిచారో నేనెప్పుడూ చూడలేదు. మెలకువ వచ్చేసరికి నాయన భుజం మీద ఉండేవాణ్ణి. కోళ్ళు కూస్తుండేవి. మమ్మల్ని దాటి ఎవరో సైకిలు మీద, రాత్రి విన్న పద్యాన్నే శ్రుతి తప్పి పాడుకుంటూ పోయేవాడు.