నీళ్ళు చూడని వాచీ

నా చేతి వాచీ సముద్రంలో రెండువందల మీటర్ల లోతుకు దిగినా చెక్కుచెదరదు. ఆ సంగతి దాని ముఖంమీదే రష్యన్ లిపిలో రాసి ఉంది. దాన్ని కట్టుకు తిరిగే నేను మాత్రం విజయనగరం పెద్దచెరువులో మూడోమెట్టు దాటి ఎన్నడూ దిగి ఎరగను. నాకు ఈత రాదు. సంధులూ సమాసాలూ చెప్పుకు బతికేవాడికి ఇటువంటి వాచీ ఎందుకయ్యా అని మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరు ఏడాదికి రెండుసార్లయినా అడుగుతాడు. ఆయనకు జవాబు చెప్పాలంటే మా మామయ్య సంగతి చెప్పాలి.

మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. నౌకాదళంలో జలాంతర్గాముల మీద ఎలక్ట్రీషియనుగా చేసేవాడు. విశాఖపట్నం బీచిలో 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున పెట్టిన 'కురుసుర' జలాంతర్గామి ఉంది చూశారూ, 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, దానిలో ఆయన కొన్నేళ్ళున్నాడు. మ్యూజియం పెట్టాక బంధువులెవరు వచ్చినా సరే, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే అక్కడికి తీసుకుపోయి, తాను పడుకున్న అర చూపించేవాడు. అది మనిషి పడుకునే చోటంటే నమ్మకం కలగదు. మా ఇంట్లో ఊరగాయ జాడీల అర అంతకంటే విశాలంగా ఉంటుంది.

1980ల నడిమిలో కొత్త జలాంతర్గాముల నిమిత్తం నౌకాదళంవారు కొందరిని సోవియట్ దేశంలోని రీగా నగరానికి శిక్షణకు పంపినప్పుడు మామయ్య కూడా వెళ్ళాడు. తిరిగి వస్తూ అత్తయ్యకు ఒక ఉన్ని శాలువా, మాకు చెక్కబొమ్మలు, తనకు ఈ వాచీ తెచ్చుకున్నాడు. దీని పేరు 'వోస్తోక్ అంఫీబియా'. వోస్తోక్ అంటే తూర్పు. రెండోమాటకు ఉభయచరం అని చెప్పుకోవచ్చు. డయలుమీద చిన్న జలాంతర్గామి బొమ్మ, అడుగున నాలుగు అక్షరాలు. మేము పిల్లలం దాన్ని 'సీసీసీపీ' అని చదివేవాళ్ళం. అది 'ఎస్ ఎస్ ఎస్ ఆర్' అని, మన అక్షరాల్లాంటివే అక్కడ వేరే ధ్వని పలుకుతాయని మామయ్య చెప్పగా, లిపి వేరు, ధ్వని వేరు అనే భాషాశాస్త్ర పాఠం నాకు మొదటిసారి తెలిసింది. తరవాత ఎమ్మేలో అదే విషయం మూడు నెలలు చెప్పారు.

వాచీ తెచ్చిన రోజున పెరట్లో గంగాళం నిండా నీళ్ళు పోయించి, మమ్మల్నందరినీ చుట్టూ నిలబెట్టి, దాన్ని తటాలున అందులో పడవేశాడు. మా అమ్మమ్మ గుండె బాదుకుంది. పావుగంట తరవాత తీసి చెవి దగ్గర పెడితే టిక్కుటిక్కుమంటోంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వాచీ తన జీవితంలో దిగిన లోతు ఆ గంగాళమే. మామయ్యతో పాటు సముద్రం అడుగున తిరిగింది గాని, జలాంతర్గామి లోపల అంతా పొడే గదా! తరవాతి కాలంలో మాఘపౌర్ణమి సముద్రస్నానాలకు మోకాలి లోతు, సింహాచలం గంగధార దగ్గర తలమీద నాలుగు చెంబులు. అంతే.

మన 'గడియారం' అనే మాట 'గడియ' లోంచి వచ్చింది, గడియ 'ఘటిక' లోంచి. ఘటిక అంటే కుండ. పూర్వం అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీళ్ళలో వదిలేవారు. రంధ్రంలోంచి నీళ్ళెక్కి గిన్నె మునిగితే ఒక గడియ, అనగా ఇరవైనాలుగు నిమిషాలు. అటువంటివి అరవై అయితే ఒక రోజు. నీళ్ళను లోపలికి రానిచ్చి కాలం చెప్పిన యంత్రం అది. నీళ్ళను బయట ఉంచి కాలం చెప్పే యంత్రం ఇది. ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు వాచీ చూపించమంటారు, పాఠం ఐదు నిమిషాలు వెనకబడుతుంది.

నీళ్ళను బయట ఉంచడమంటే సామాన్యం కాదు. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. రెండువందల మీటర్ల దగ్గర ఇరవై కిలోలు. వాచీ అద్దం ఏడెనిమిది చదరపు సెంటీమీటర్లుంటుంది గనక, దానిమీద రెండు బస్తాల ధాన్యం నిలబెట్టినట్టు లెక్క. ఈ లెక్క ఫిజిక్సు లెక్చరరు కట్టి పెట్టాడు. దీన్ని తయారుచేసినది కామా నది ఒడ్డున చిస్తొపోల్ అనే ఊరి కార్ఖానా. యుద్ధకాలంలో, 1941లో, మాస్కోనుంచి యంత్రాలు తరలించి అక్కడ పెట్టారు. 1967లో అక్కడి ఇంజనీర్లు మిఖాయిల్ నోవికోవ్, వేరా బెలోవా అనేవాళ్ళు ఈ వాచీకి రూపు కట్టినప్పుడు, నీటితో కుస్తీ పట్టడం మానేసి నీటినే పనిలో పెట్టుకున్నారు. దళసరి ప్లాస్టిక్ అద్దం, లోతుకు పోయినకొద్దీ ఒత్తిడికి కొద్దిగా వంగి అంచులకు మరింత బిగుస్తుంది. వెనక మూతను మరలా తిప్పి బిగించరు. మూత వేరు, దాన్ని పట్టి ఉంచే చుట్టు వేరు. అందుచేత కింద రబ్బరు మెలిపడదు. నీళ్ళు నొక్కినకొద్దీ మూత రబ్బరుమీద ఇంకా అదుముకుంటుంది. అత్తగారు గట్టిగా మాట్లాడినకొద్దీ మరింత మౌనం వహించే కోడలి వంటిదన్నమాట.

మామయ్య 2019లో పోయాడు. రెండేళ్ళు మంచంమీద ఉండి పోయాడు. పెద్దకర్మ అయిన సాయంత్రం అత్తయ్య ఈ వాచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. కొడుకు ఉండగా నాకెందుకని వెనకాడాను. మా బావ అమెరికా నుంచి వచ్చి ఉన్నాడు. "నాకిది ఉంది గదా, నువ్వు ఉంచుకో" అని తన వాచీ చూపించాడు. అది నాడి కొట్టుకోవడం లెక్కపెడుతుంది, ఎన్ని అడుగులు నడిచిందీ చెబుతుంది. మామయ్య వాచీకి టైము తప్ప మరేమీ తెలియదు. అదైనా రోజుకు అరనిమిషం ముందు.

అప్పటినుంచి ఐదేళ్ళు దాన్ని ఆ గోధుమరంగు తోలు పట్టాతోనే కట్టుకున్నాను. మామయ్య మణికట్టూ నా మణికట్టూ ఒకటే కొలత. ఆయన వాడి వాడి సాగిన కన్నంలోనే నా బకిలు ముల్లు కూర్చునేది. పట్టా కొసన మరో మూడు కన్నాలు వరస తప్పి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీగా ఉండేవి. నాసిరకం పనివాడి చేతి పని కాబోలు అనుకున్నాను.

మొన్న నవంబరులో, బోర్డుమీద సంధి సూత్రం రాస్తూ ఉండగా, పట్టా పిన్ను దగ్గర మడత తెగి, వాచీ ప్లాట్‌ఫారంమీద టప్పున పడింది. "విసంధి దోషం, సార్!" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. నాకు కోపం రాలేదు. వాడు అంతవరకు పాఠం విన్నాడని ఆ క్షణందాకా నాకు తెలియదు. వాచీకి చిన్న గీతయినా పడలేదు.

పట్టా మార్చడం పది నిమిషాల పని అనుకున్నాను. మొదట వెళ్ళినది అద్దాల షాపు. అక్కడి అమ్మాయి వాచీని వేళ్ళ కొసలతో పట్టుకుని, తమ కంపెనీ వాచీలకు తప్ప వెయ్యమంది. రెండో షాపులో ఆయన కొలిచి పెదవి విరిచాడు. ఇంత లావు వాచీకి ఇరవైరెండు మిల్లీమీటర్లో, అధమం ఇరవయ్యో పట్టా ఉండాలిట. దీని కొమ్ముల మధ్య ఎడం పద్దెనిమిదే. పద్దెనిమిదిలో ఉన్నవన్నీ పెళ్ళికొడుకులు కట్టుకునే పల్చటి వాచీల పట్టాలు. ఒకటి పెట్టి చూపించాడు. ఏనుగుకు మేక పలుపు వేసినట్టుంది. పోనీ ఇరవయ్యో పట్టా అంచులు కోసి దూరుస్తానన్నాడు. వద్దని వచ్చేశాను.

మూడోచోటు గంటస్తంభం దగ్గర ఒక బల్ల, దానిమీద గాజుపెట్టె, దాని వెనక డెబ్బై ఏళ్ళ మనిషి. అంతపెద్ద గడియారం నీడన కూర్చుని చిన్న గడియారాలు బాగుచేయడం ఆయనకు నలభై ఏళ్ళుగా అలవాటు. కంటికి భూతద్దం బిగించి వాచీ తిరగేసి, మరగా బిగించి ఉన్న కీని విప్పాడు. విప్పగానే కీ ఊడిన పన్నులాగా అటూ ఇటూ ఊగింది. ఎవరైనా సరే విరిగిందనే అనుకుంటారు. నేనూ మొదట్లో అట్లాగే బెదిరి మామయ్య చేత చివాట్లు తిన్నాను. ఆ ముసలాయన మాత్రం నవ్వి, "ఇది రష్యా వాడి తెలివండీ. కీకి దెబ్బ తగిలితే లోపలి ఇరుసు వంగకుండా రెండూ విడివిడిగా పెట్టాడు" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. తెలిసినవాడి చేతిలో పడ్డాం అనుకున్నాను.

పట్టాను పట్టి ఉంచే పిన్ను ఒక చిన్న గొట్టం. లోపల స్ప్రింగు, రెండు కొసల్లో రెండు మొనలు. మొనను లోపలికి నొక్కితే కొమ్ము కన్నంలోంచి జారి బయటికి వస్తుంది. తెగినవైపు పిన్ను అట్లాగే వచ్చింది. రెండోవైపుది రాలేదు. ముప్పై ఏళ్ళ విశాఖ ఉప్పుగాలీ, చెమటా తిని తుప్పుపట్టి కొమ్ములో పాతుకుపోయింది. కిరసనాయిలు చుక్క వేసి, నన్ను టీ తాగి రమ్మన్నాడు. వచ్చాను. కదల్లేదు. ఇంకో చుక్క వేశాడు. నేను ఇంకో టీ తాగాను. చివరికి మడత దగ్గర పట్టాను బ్లేడుతో కోసి తప్పించి, పిన్నును నడిమికి కత్తిరించి, కొసల్ని సూదితో పొడిచి పొడిచి రాల్చాడు. కొత్త పిన్నులు వేశాక, "తోలు వద్దు మాస్టారూ, ఇది చూడండి" అని నైలాను పట్టీ ఒకటి తీశాడు. అది రెండు ముక్కలు కాదు, ఒకటే. ఒక పిన్ను కిందుగా దూరి, వాచీ వీపు మీదుగా పోయి, రెండో పిన్ను కిందుగా బయటికి వస్తుంది. ఒక పిన్ను ఊడినా వాచీ రెండోదాన్ని పట్టుకు వేలాడుతుందేగాని కింద పడదు. 1973లో బ్రిటిష్ రక్షణశాఖ తన సైనికులకు ఇటువంటి దాన్నే ఖాయం చేసింది. పిన్నులతో సహా నూటయాభై రూపాయలు. మా ఆవిడ చూసి, "మంచం నవారు కట్టుకొచ్చారేమిటి?" అంది.

ఆ ఆదివారం మల్కాపురం వెళ్ళి అత్తయ్యకు చూపించాను. కొత్త పట్టీమీద వేలితో రాసి చూసి, "బాగుంది. గట్టిగా ఉంది" అంది. కాఫీ ఇచ్చింది. గ్లాసు తీసుకుపోతూ వెనక్కి తిరిగి, "మరి పాత బెల్టేదీ?" అని అడిగింది.

షాపులో వదిలేశానన్నాను. తెగిపోయిన తోలుముక్క దేనికి?

అత్తయ్య వెంటనే ఏమీ అనలేదు. కూర్చుంది. తరవాత నెమ్మదిగా చెప్పింది. మంచాన పడ్డాక మామయ్య చెయ్యి సన్నబడిపోయింది. వాచీ మోచేతిదాకా జారిపోయేది. తీసి పెడతానంటే ఒప్పుకునేవాడు కాదు. అందుకని మేకు కాల్చి మరో కన్నం పొడిచింది. కొన్ని నెలలకు అదీ వదులైతే మరొకటి. చివర్లో మూడోది. "మూడోది పొడుస్తూంటే, వంకరగా పొడిచావే అని నవ్వేడు నాన్నా" అంది.

ఐదేళ్ళు ఆ మూడు కన్నాలనూ రోజూ చూశాను నేను. నాసిరకం పని అనుకున్నాను.

సోమవారం ఆఖరి పీరియడు ఇంకొకరికి అప్పగించి గంటస్తంభం దగ్గరకు పరుగెత్తాను. ముసలాయన బల్ల కిందినుంచి బిస్కట్ల డబ్బా ఒకటి తీశాడు. నలభై ఏళ్ళ తెగిన పట్టాలన్నీ అందులో ఉన్నాయేమో! దినపత్రిక పరిచి అన్నీ కుమ్మరించాడు. గోధుమరంగువే పాతిక దాకా తేలాయి. పదహారోదో పదిహేడోదో తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, వరస తప్పిన మూడు కన్నాల్లోంచి సందెవెలుగు కనిపించింది. కన్నాల అంచులు నల్లగా కాలి ఉన్నాయి. ఆ సంగతీ అప్పుడే చూశాను. బకిలు ఉన్న పొట్టిముక్క మాత్రం దొరకలేదు. బకిలు అప్పటికే ఇంకెవరి పట్టాకో వేసేశాడు. "ముందే ఒక్కమాట చెప్పకూడదా మాస్టారూ" అని ఆయన నాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డాడు.

మళ్ళీ ఆదివారం వెళ్ళి ఆ ముక్కను అత్తయ్య చేతిలో పెట్టాను. బకిలు పోయిందని చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. కన్నాలమీద వేలు పెట్టి, "ఇది ఆస్పత్రిలో ఉండగా. ఇది ఇంటికొచ్చాక. ఇది సంక్రాంతి వెళ్ళాక" అంది. బీరువా తీసి, ఆ రీగా శాలువా మడతలో దాన్ని పెట్టి, తాళం వేసింది.

తరవాత నా చెయ్యి పట్టుకుని వాచీ వంక చూసింది.

"తేదీ తప్పు. ముప్పైయొకటి చూపిస్తోంది. నవంబరుకు ముప్పయ్యేగా?"

ఈ వాచీలో తేదీని విడిగా మార్చే ఏర్పాటు లేదు. ముల్లుల్నే తిప్పాలి. ప్రతి చిన్న నెల తరవాతా నేను దానితో అరగంట కుస్తీ పడతాను. అత్తయ్య వాచీ విప్పించుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, కీ మర విప్పింది. అది ఎప్పటిలాగే ఊగింది. ఆమె దాన్ని చూసి బెదరలేదు. మెల్లిగా బయటికి లాగి, గంటల ముల్లును రెండు చుట్లు ముందుకు తిప్పింది. అర్ధరాత్రి దగ్గరకు వచ్చేసరికి తేదీ కిటికీలో అంకె జారింది. సరైన టైముకు తెచ్చి, కీ నొక్కి బిగించి నా చేతికిచ్చింది.

"ప్రతిసారీ నాచేతే మార్పించేవాడు. ఆయనకు ఓపిక తక్కువ" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.