గండిమీద నవారు నడక

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండు ప్రాంతంలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడికి వెళ్ళిన చుట్టాలను సాధారణంగా సముద్రతీరానికో, జలపాతాలకో తీసుకువెడతారు. ఒకరోజు తీరిక చేసుకుని స్మిత్ రాక్ కూడా చూచి రావాలి. కారులో సుమారు మూడుగంటల ప్రయాణం. హుడ్ పర్వతం దాటిన కొంతసేపటికి పచ్చని అడవులు వెనుకబడి, ఎండుగడ్డీ తుప్పలూ మొదలవుతాయి. టెరెబోన్ అనే చిన్న ఊరు దాటాక నేల ఉన్నట్టుండి చీలిపోతుంది. అడుగున క్రుకెడ్ నది. క్రుకెడ్ అంటే వంకర; పేరు సార్థకమే.

గండికోటలో పెన్నను చూచినవారికి ఈ దృశ్యం బొత్తిగా కొత్త కాదు. రాయి మాత్రం వేరు. సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రిందట అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి ఈ ఎర్రని గోడలయింది. వీటిని ఎక్కడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. 'మంకీ ఫేస్', అంటే కోతిమొగం, అనే 350 అడుగుల రాతిస్తంభాన్ని ముగ్గురు మొదటిసారి ఎక్కింది 1960లో. 1980 తరువాత ఆలన్ వాట్స్ మొదలైనవారు పైనుంచి తాళ్ళమీద దిగి, నున్నని గోడలకు బోల్టులు బిగించారు. అంతకుముందు అసాధ్యమనుకున్న దారులు వాటితో తెరుచుకున్నాయి. గద్దలు గూళ్ళు కట్టే నెలల్లో మాత్రం కొన్ని గోడలను ఎవరూ ఎక్కకూడదు.

మేము గట్టెక్కేసరికి కోతిమొగానికీ, ఇవతలి కొండకూ మధ్య అంగుళం వెడల్పు పట్టీ ఒకటి బిగించి ఉంది. దీనిని హైలైన్ అంటారు. చూపుకు మన మంచాలకు అల్లే నవారే! 1985లో స్కాట్ బాల్కమ్ అనే అతను యోసెమిటీ లోయలో నేలకు 2,800 అడుగుల ఎత్తున ఇలాంటి పట్టీమీద నడిచాక ఈ విద్య పేరుకెక్కింది. పట్టీ తెగినా ఆదుకోవడానికి మరొకటి జతగా ఉంటుంది. నడిచేవారి నడికట్టు నుంచి ఒక తాడు, పట్టీకి తొడిగిన ఉంగరాలకు కట్టి ఉంటుంది. చేతిలో గడ ఉండదు.

ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె దానిమీద కూర్చుని, మెల్లగా లేచి, నాలుగడుగులు వేసి పడిపోయింది. మా గుండెలు గుభేలుమన్నాయి. ఆమె తాడుకు వేలాడుతూనే నవ్వి, పైకి పాకి మళ్ళీ కూర్చుంది. నాలుగోసారికి అవతలి కొన చేరింది. తిరిగి వచ్చాక, భయం వెయ్యదా అని అడిగాను. ప్రతిసారీ వేస్తుందనీ, అందుకే ఒకరి ముడులు మరొకరం చూసుకుంటామనీ చెప్పింది.

నాకు మన ఊళ్ళలోని దొమ్మరాట గుర్తుకు వచ్చింది. డోలు మోగుతూంటే చిన్నపిల్ల తాడుమీద నడిచేది. నేర్పులో ఆ పిల్ల ఎవరికీ తీసిపోదు. కాని నడుముకు కట్టిన తాడు లేదు. పడితే ఎముకలు విరగవలసిందే. అది పొట్టకూటి నడక. మనం చిల్లర విసిరాము, చప్పట్లు కొట్టాము. పడినా బతికే ఏర్పాటు ఒకటి ఉండాలని మాత్రం మనలో ఎవరికీ తోచలేదు.

స్మిత్ రాక్ వెళ్ళేవారు నీళ్ళు దండిగా పట్టుకెళ్ళాలి. పైకి వెళ్ళే బాట పేరు 'మిజరీ రిడ్జ్', అనగా దుఃఖపు గట్టు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు దాని జోలికి పోక, నది వెంబడి బాటన నడిస్తే చాలు. కోతిమొగం అక్కడికీ కనిపిస్తుంది.