పడగొట్టే అరుగుకు సున్నం

"మే నెలలో పడగొట్టేదే గదమ్మా, దానికిప్పుడు సున్నం ఏంటికి?" అన్నాడు తమ్ముడు.

అమ్మ జవాబు చెప్పలేదు. కొడవలి వెనక వైపుతో అరుగు పక్కల లేచిపోయిన పెచ్చుల్ని గీకుతూనే ఉంది. నేను చీపురుతో వాటిని ఊడ్చి తట్టకెత్తుతున్నాను. 2025 మార్చి 27, గురువారం. ఆదివారం ఉగాది. శుక్రవారం బూజు దులపకూడదు, శనివారం అమావాస్య. కాబట్టి ఇంటి బయటి పనంతా గురువారమే తెమిలిపోవాలని అమ్మ లెక్క. ఆ లెక్క ప్రకారమే నేను బెంగళూరు నుంచి, తమ్ముడు హైదరాబాదు నుంచి బుధవారం రాత్రికే గోనెగండ్ల చేరుకున్నాం.

తమ్ముడి మాటలో తప్పేమీ లేదు. నా చిన్నప్పుడు ఆ అరుగు ఎక్కాలంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి ఎత్తాల్సిందే. అప్పుడది మట్టి వీధి. తర్వాత కంకర పడింది. కంకర మీద సిమెంటు పడింది. ఆ సిమెంటు పగిలితే, దాన్ని తవ్వకుండా పైనే ఇంకో సిమెంటు పడింది. అరుగు ఉన్నచోటే ఉంది, వీధి మాత్రం ఏటికేడు పైకొచ్చింది. ఇప్పుడు అరుగు వీధికి జానెడు ఎత్తులో ఉంది. గట్టి వాన పడితే నీళ్ళు దాని మీదికెక్కి గడప దాకా వస్తాయి. ముందు భాగం ఎత్తు పెంచి, ఏటవాలుగా సిమెంటు పోస్తే నీళ్ళు రావు, కారు నిలుస్తుంది, నాయన మోకాళ్ళకూ సుఖం. అందరం ఒప్పుకున్నదే. అమ్మ కూడా.

అయినా సున్నం మాత్రం తెప్పించింది.

రాళ్ళ సున్నం ఎట్లా చేస్తారో చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఇనుప డ్రమ్ములో సున్నపు గడ్డలేసి నీళ్ళు పోస్తారు. కింద నిప్పు లేకుండానే అది కుతకుతా ఉడుకుతుంది. పిల్లల్ని ఆ దాపుకు రానీయరు, చిట్లి కంట్లో పడితే చూపే పోవచ్చు. రాత్రంతా నానినాక పాతచీర గుడ్డలో వడగట్టి, కాస్త ఉప్పు, కాస్త బంక, చిటికెడు నీలిమందు కలుపుతారు. చేతులకు కొబ్బరినూనె పూసుకుని కిత్తనార కుచ్చుతో కొట్టడమే. తడిగా ఉన్నప్పుడు గోడ బూడిదరంగులో వెలవెలబోయి, ఇంత కష్టమూ వృథా అనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం. ఆ సున్నం గోడమీద గాలి పీల్చి మళ్ళీ రాయవుతుంది. మా అరుగు మీద పరిచినవి నాపరాళ్ళు, అవీ సున్నపురాళ్ళే. అంటే అమ్మ ఏటా చేస్తున్నది రాయి మీద ఇంకొంచెం రాయి పుయ్యడం.

"బయటి గోడలకు మంచి కంపెనీ రంగేస్తే ఐదేళ్ళు చూసుకోబల్లే" అని తమ్ముడు ఆ వాదన కూడా తెచ్చాడు. దానికి జవాబు గోడలోనే ఉంది. మాది బురదతో కట్టిన రాతిగోడ. చిన్నత్త పెళ్ళికి నాయన సంబరంగా పచ్చరంగు కొట్టించాడు. రెండు వానలకే బుడగలొచ్చి ఊడిపోయింది. గోడలోని చెమ్మ సున్నంలోంచి బయటికి పోతుంది. కంపెనీ రంగు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది.

ఆ పచ్చరంగు నాకు మళ్ళీ కనపడింది. అమ్మ గీకుతుంటే బొటనవేలంత మందం పెచ్చొకటి ఊడి పడింది. దాని అంచు ఉల్లిపాయ కోసినట్టుంది. తెలుపు, దాని కింద కొంచెం నీలం తెలుపు, మళ్ళీ తెలుపు, మధ్యలో దారమంత పచ్చగీత, దాని కింద ఇంకా తెలుపులు. ఒక్కో పొర ఒక్కో ఉగాది. గోటితో లెక్క పెట్టబోయాను, ఇరవై దాటినాక కళ్ళు చెదిరాయి. పచ్చగీత దొరికింది కాబట్టి చిన్నత్త పెళ్ళి దొరికింది. తాత పోయిన ఏడు కోసం వెతికితే దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది? ఇంట్లో మనిషి పోతే ఆ ఏడు పండగ ఉండదు, సున్నం ఉండదు. వానలు మొహం చాటేసి, చేతిలో రూకల్లేని ఏళ్ళూ అంతే. మంచి ఏళ్ళే గోడకు తెలుసు. చెడ్డ ఏళ్ళలో అది ఊరికే నిలబడి ఉంటుంది.

మా అవ్వ 2023 చలికాలంలో పోయింది. 2024 ఏప్రిల్ 9న ఉగాది వస్తే మేం గడపకు పసుపు కూడా పెట్టలేదు. రెండు రోజులకే, 11న, రంజాన్. పక్కింటి బూబమ్మ పెద్దమ్మ వాళ్ళు సున్నం కొట్టించుకున్నారు. రెండిళ్ళకూ మధ్యన ఉన్నది ఒకటే గోడ. కూలోళ్ళు సరిగ్గా మా హద్దు దగ్గర కుచ్చు ఆపేశారు. అటు తెల్లగా, ఇటు మాసిపోయి, నడుమ నిలువుగా ఒక గీత. మా ఇంట్లో చావు జరిగిందని వీధిన పోయేవాళ్ళకు ఎవరూ చెప్పాల్సిన పన్లేకుండా ఆ గీత ఏడాదంతా చెప్పింది.

ఈసారి రెండు పండగలూ ఇంకా దగ్గరికొచ్చాయి. ఆదివారం ఉగాది, నెలవంక కనపడితే సోమవారమే రంజాన్. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది కాబట్టి, ఇట్లా ఉగాది పక్కకొచ్చి నిలబడటం ముప్పై ఏళ్ళు దాటితే గానీ జరగదు. రెండూ అమావాస్య దాటిన చంద్రుణ్ణి పట్టుకుని వచ్చేవే. పెద్దమ్మ ఉపవాసంతోనే వాకిట్లోకి వచ్చి, "డ్రమ్ము ఒకటే పెడదాం, సున్నం నీది, కూలి నాది" అంది అమ్మతో. అవ్వ పేరు ఎత్తలేదు. హద్దు దగ్గర తనే నిలబడి, "ఈడ ఇంకోసారి కొట్టు, గీత కనపడగూడదు" అని కూలాయనకు చెప్పింది.

గోడలయ్యాక నాయన నిచ్చెనేసుకుని మిద్దె ఎక్కాడు. ముందుగదిది ఇంకా మట్టిమిద్దే. మొలిచిన గడ్డి పీకి, కొత్త చౌడుమట్టి పరవాలి. చౌడు తడిస్తే మెత్తబడి పూడుకుపోతుంది, నీటిబొట్టును కిందికి దిగనీయదు. చేలో పడితే పైరును చంపే మట్టి, మిద్దె మీద ఇల్లు కాపాడుతుంది. నాయన మోకాళ్ళు చూసి తమ్ముడే తట్టలు మోశాడు.

మిగిలింది నులక మంచం. అవ్వ ఆఖరి రెండు నెలలూ వేపచెట్టు కింద ఆ మంచం మీదే ఉంది. తర్వాత ఎవరో దాన్ని తీసి వెనక గోడకు నిలబెట్టారు. ఏడాది పైగా ఎవరూ ముట్టుకోలేదు. నులక వదులై నడుమ గుంట పడింది. గుంట అని అంటున్నాను గానీ అది అవ్వ పడుకున్న చోటు. అమ్మ బిందెడు నీళ్ళు మసలకాచి తెచ్చి, నల్లులు చేరే కాళ్ళ సందుల్లో పోస్తోంది. నేనూ తమ్ముడూ చెరోవైపు పట్టుకుని తిప్పుతున్నాం. అప్పుడన్నది అమ్మ, పొద్దున అడిగిన మాటకు జవాబు.

"మీ అవ్వ పోయిన పొద్దు గూడా నీళ్ళు పోసినా గదరా నేను. పోతాదని తెలిసే పోసినా."

తమ్ముడేమీ అనలేదు. కాళ్ళవైపు తాడు విప్పి, ఒక కాలు పట్టెకు తన్నిపెట్టి బిగించడం మొదలుపెట్టాడు. బిగించేకొద్దీ గుంట పైకి లేచింది. ఆఖరికి చదునైంది. అంతలా బిగించొద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

శనివారానికి వీధి నిండింది. మా వైపు సంకురాత్రి దాటితే సగం ఇళ్ళకు తాళాలే. మిరపకాయలు కోసేదానికి గుంటూరు వైపు పోతారు, దాన్ని సుగ్గి అంటాం. ఉగాదికి ట్రాక్టర్లలో, లారీల్లో మూటలతో దిగుతారు. తాళం తియ్యకముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, అరుగు మీద అలవాటుపడ్డ కుక్కల్ని తరుముతారు. మనుషులొచ్చారని తెలిసేది దానితోనే.

పండగనాడు మా అరుగు మీద చోటు లేదు. సుగ్గి నుంచి వచ్చినవాళ్ళు, నాయన దోస్తులు, సాయంత్రం నెలవంక కోసం వీధిలోకొచ్చిన పెద్దమ్మ మనవళ్ళు. లేచి పోతున్న ప్రతి ఒక్కరి వీపుకూ తెల్లగా సున్నం. చిన్నప్పుడు బజార్లో ఎవరి వీపుకైనా సున్నం కనపడితే, "మన అరుగు మీంచే లేచినాడు" అనేది అవ్వ, గర్వంగా. సోమవారం పెద్దమ్మ పంపిన సేమియా పాయసం తాగి, తమ్ముడు బస్సెక్కాడు. ముదురు నీలం చొక్కా వీపున తెల్లటి అచ్చు. నేనూ అమ్మా చూశాం. ఇద్దరం చెప్పలేదు.

మే నెలలో అరుగు పడగొట్టారు. జూన్ వానకు నీళ్ళు గడప తొక్కలేదు, అది నిజం. నాపరాళ్ళు మాత్రం అమ్మ పారేయనీయలేదు. వేపచెట్టు కింద రాళ్ళు పేర్చి, వాటిమీద రెండు బండలు వేయించింది. పక్కంచులకు పాత సున్నం ఇంకా అట్లే ఉంది. సాయంత్రాలు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటూనే ఉన్నారట. వాళ్ళ వీపుకు ఏమీ అంటదు. ఆనుకోడానికి అక్కడ గోడ లేదు.