ముప్పై నాలుగేళ్ళ ఫస్టియర్

2024 నవంబరు 18

జీఎన్‌ఎం నర్సింగులో చేరడానికి పై వయసు 35. నాకు 34. అడ్మిషన్ల గదిలో గుమస్తా నా టెన్త్ సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "పాపని తీసుకురాలేదా అమ్మా?" అన్నాడు. ఆ పాపని నేనేనండీ అన్నాను. పక్క కుర్చీలో మా ఆయన గోడ మీద క్యాలెండర్ చదువుతూ కూర్చున్నాడు.

బీకాం మెమోలు కూడా పట్టుకెళ్ళాను. అక్కర్లేదని వెనక్కిచ్చేశారు. ఇంటర్‌లో నాది సీఈసీ. బీఎస్సీ నర్సింగుకి బైపీసీ ఉండాలి, అది మనకి లేదు. జీఎన్‌ఎం అయితే ఏ గ్రూపు వాళ్ళకైనా ఇస్తారు. మూడేళ్ళు. డిగ్రీ కావాలంటే ఆ పైన పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఇంకో రెండేళ్ళు. బీరువాలో ఒక డిగ్రీ ఉండగా ఇంకో డిగ్రీకి అయిదేళ్ళు.

నవంబరు 24

డాలస్ నుంచి పిన్ని కూతురు ఫోన్. అదీ నర్సింగులో చేరుతోందట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది, పెళ్ళయ్యాక హెచ్4 వీసా మీద వెళ్ళి ఇంట్లో కూర్చుంది. అక్కడ ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్ళ కోసం యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ అని ఉంటుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర. దీనిది పదిహేను నెలలు. "అక్కా, నువ్వు సెకండియర్‌లో ఉండగానే నేను డ్యూటీలో ఉంటా చూడు" అంది.

ఒళ్ళు మండింది. కాసేపయ్యాక ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ఆ పదిహేను నెలల్లోకి అడుగుపెట్టాలంటే ముందే అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ విడిగా చదివి మార్కులు చూపించాలి. పాపం దానికి అందుకే రెండేళ్ళు పట్టింది, పిల్లాణ్ణి చంకనేసుకుని. పెళ్ళి ఒక పూటే, పెళ్ళి పనులే ఆర్నెల్లు.

డిసెంబరు 2

హాస్టల్లో ఉండి తీరాలి. ఇంటికెళ్ళాలంటే గార్డియన్ సంతకం కావాలి. నాకు గార్డియన్ మా ఆయన. నిన్న మా పాప ప్రోగ్రెస్ కార్డు మీద నేను సంతకం పెట్టాను, అదే పెన్నుతో నా ఔటింగ్ ఫారం మీద ఆయన పెట్టాడు. అత్తయ్య చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

డిసెంబరు 5

క్లాసులో పిల్లలు అక్కా అంటారు. ట్యూటర్ మేడమ్‌కి ఇరవై ఏడు దాటవు. "నువ్వు చెప్పు" అని మొదలుపెట్టి, నా మొహం చూసి, చివర్లో "అండీ" తగిలిస్తుంది. నేను మాత్రం లేచి నిలబడి మేడమ్ అంటాను. అందులో నాకేం చిన్నతనం లేదు. నేను పద్దులు రాసిన కొట్లో షావుకారి కొడుకుని నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ చిన్నబాబుగారనే పిలిచాను.

డిసెంబరు 20

ఎముకలు 206. కాలిలో టిబియా లోపలివైపు, ఫిబ్యులా బయటివైపు. చదవడం రాక కాదు, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునే అలవాటు పోయింది. ఎనిమిదింటికల్లా పిల్లలు ఒక పేజీ అప్పజెప్పేస్తారు. నేను మొదటి పేరా మీద ఉంటాను.

మధ్యాహ్నం కంప్యూటర్ క్లాసు. ఎక్సెల్ ఎలా తెరవాలో చెప్పారు. టాలీలో ఏళ్ళ తరబడి జీఎస్టీ బిల్లులు కొట్టినదాన్ని, కూర్చుని విన్నాను. ఇంగ్లీషు క్లాసూ అంతే. డిగ్రీ అయినవాళ్ళకి ఈ రెండూ మినహాయిస్తే మన దేశానికి ఏం నష్టమో అర్థం కాదు. ఎముకలు మాత్రం ఎవరికీ మినహాయించకూడదు.

2025 జనవరి 8

సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. వేళ్ళ సందులు, గోళ్ళ చివర్లు, బొటనవేలు విడిగా. బొటనవేలిని అందరూ మర్చిపోతారట. నిజమే.

పక్క పరచడం కూడా ఒక పరీక్షే. దుప్పటి మూల మడత నలభై అయిదు డిగ్రీలు రావాలి, తలగడ గలేబు తెరిచిన వైపు గుమ్మానికి ఎదురుగా ఉండకూడదు. ఎందుకని అడిగితే చూడ్డానికి బాగుండదని. సరే.

జనవరి 15

కనుమ. అగిరిపల్లి నుంచి పెద్దమ్మ వాళ్ళు వచ్చారు. గారెలు తింటూ పెద్దమ్మ, "ఇంత వయసొచ్చాక ఊళ్ళోవాళ్ళ మలమూత్రాలు ఎత్తే ఖర్మేంటే?" అంది. ఆవిడ మొన్న తుంటి విరిగి నెల్లాళ్ళు మంచం మీద ఉన్నప్పుడు ఎవరు ఎత్తారో అడగలేదు. పండగపూట.

పెదనాన్న దారి వేరు. "జర్మనీ పోవచ్చటగా?" మా క్లాసులో కొందరు అప్పుడే జర్మన్ మొదలుపెట్టారు, బీ2 దాకా రావాలి. ఒకప్పుడు నర్సంటే మొహం తిప్పుకున్న ఇళ్ళల్లోనే ఇప్పుడు నర్సు సంబంధం అంటే కుర్చీ వేస్తున్నారు. గౌరవం పనికి కాదు, వీసాకి.

నేనెందుకు చేరానని ఎవరూ సూటిగా అడగరు. చెప్పడానికి గొప్ప కథ కూడా లేదు. మామిడి కమిషన్ కొట్లో పని ఏప్రిల్, మే, జూన్. మిగతా కాలం అదే షావుకారి పురుగుమందుల కొట్లో పద్దులు. చుట్టుపక్కల తోటలు కొట్టేసి పామాయిల్ వేస్తున్నారు. ఈ లెక్కలు ఇంకెన్నాళ్ళు రాస్తాననేది కూడా ఒక లెక్కే కదా. రాష్ట్రంలో గవర్నమెంటు ఉద్యోగానికి రిటైర్మెంటు 62. మూడేళ్ళు పోయినా, దొరకడం అంటూ జరిగితే పాతికేళ్ళ సర్వీసు ఉంటుంది.

ఫిబ్రవరి 9

తోటలన్నీ పూత మీద ఉన్నాయి. పూత మీద ఉన్నాయంటే తేనెమంచు పురుగు కూడా వచ్చినట్టే, మందు కొట్టడం మొదలైనట్టే.

నిన్న క్యాజువాల్టీకి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. పురుగుమందు తాగిన కేసు కాదు. పొద్దుటి నుంచి చెట్లకి పిచికారీ చేసి, గాలి ఎదురు తిరిగి, ఒళ్ళంతా తడిసి, అలాగే అన్నం తిన్నాడు. నోట్లోంచి చొంగ, చెమటలు, కంటిపాప సూదిమొన అంత. డాక్టరుగారు అట్రోపిన్ మొదలుపెట్టారు. మాకు అప్పజెప్పిన పని స్నానం. ఆ మందు చర్మంలోంచి ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది కాబట్టి బట్టలు తీసేసి సబ్బూ నీళ్ళతో కడగడం కూడా వైద్యమే.

గ్లవ్స్ వేసుకుని లుంగీ, బనీను ప్లాస్టిక్ సంచిలో కట్టేశాం. జుట్టు రెండుసార్లు. చెవుల వెనక, చంకలు, బొడ్డు, కాలివేళ్ళ సందులు. గోళ్ళ కింద తెల్లగా ఇరుక్కుని ఉంది. దాన్ని తీయడానికి చాలాసేపు పట్టింది. నాతో ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్ల మొదట మొహం పక్కకి తిప్పుకుంది, కాసేపటికి తనే కాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. మా ఇద్దరికీ మొదటి స్నానం ఇది. బొమ్మకి చేయించింది లెక్కలోకి రాదు.

ఆ వాసన నాకు తెలుసు. కొట్లో మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసినా అదే వాసన వచ్చేది. బిల్లు మీద మందు పేరు, ఎన్ని లీటర్లు, రైతు పేరు, అప్పు ఎంత, అన్నీ ఉంటాయి. కొట్టేవాడి పేరుకి మాత్రం గడి లేదు.

రాత్రికి కంటిపాపలు పెద్దవయ్యాయి, నోరు ఎండిపోయింది. అట్రోపిన్ పట్టిందన్నారు. దుప్పటి పీకుతూ ఎవరెవరినో పిలిచాడు. వాళ్ళమ్మ భయపడిపోతే, మందు వల్ల అలాగే ఉంటుందిలే పిన్నీ అని చెప్పాను. మేడమ్ చెప్పిన మాటే, నా గొంతులో కాస్త పెద్దతరహాగా పలికినట్టుంది. ఆవిడ కూర్చుంది.

మార్చి 16

పిందె నిలిచింది. అత్తయ్య ఫోన్లో చెప్పింది. మా రెండెకరాల తోట పూత మీదే గుత్తకిచ్చేశారు, ఇక రాలినా నిలిచినా గుత్తదారుడిదే. ఆ డబ్బు ఫీజు కిందకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 20

ఔట్ పేషెంట్ల వరసలో ఒకామె ముంజేతుల నిండా నల్లటి మచ్చలు. మామిడి సొనకి కాలిన మచ్చలు. కాయ కోసిన వెంటనే తొడిమలోంచి చిమ్ముతుంది చూడండి, అది పడితే చర్మం నిజంగానే కాలుతుంది. గ్రేడింగ్ షెడ్లో సీజనంతా ఆ చేతులే చూశాను. ఆమె వచ్చింది దానికి కాదు, షుగరుకి. సొన సంగతి రోగం కిందే లెక్కలేదు ఆమెకి.

మే 7

ఇన్‌టేక్-ఔట్‌పుట్ చార్టు. రోగి లోపలికి తీసుకున్న ద్రవమంతా ఒక పక్క, బయటికి పోయిందంతా ఇంకో పక్క, ఇరవై నాలుగు గంటలకి కూడిక. క్లాసులో అందరికంటే ముందు నాకు వచ్చేసిన విద్య ఇదొక్కటే.

ఎనిమిదో నంబరు మంచం బాబాయ్‌ది ఎ.కొండూరు మండలంలో తండా. కిడ్నీ జబ్బంటే అందరూ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించే మాట్లాడతారు. పలాసలో 2023 డిసెంబరులో పెద్ద ఆసుపత్రి కూడా తెరిచారు. మా తిరువూరు దారిలో ఎ.కొండూరు తండాల్లోనూ ఏళ్ళ నుంచీ అదే జబ్బు. బాబాయ్ డయాలిసిస్ మీద ఉన్నాడు, ఒళ్ళు నీరు పట్టి ఆయాసంతో వచ్చాడు. నిన్న ఎంత మూత్రం పోశాడో దానికి అర లీటరు కలిపి, ఇవాళ అంతే తాగాలి.

పొద్దున చార్టు ప్రకారం సరిగ్గా ఉన్నాడు, బరువు చూస్తే పెరిగింది. నీళ్ళు తాగావా బాబాయ్ అంటే లేదమ్మా, ఒట్టు అంటాడు. ఆయన భార్య, వరసకి పిన్ని, నన్ను పక్కకి లాగి, "రసాలు తిన్నాడు" అంది. మంచం కింద బుట్టలో టెంకలు. ఆయన ధీమా ఏంటంటే, "నేను తిన్నాను, తాగలేదు."

చిన్న రసాన్ని ఎవరైనా తింటారా? మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, జుర్రుతారు. హాస్టల్‌కి వచ్చి పిల్లల చేత మూడు చిన్న రసాలు కొలత జగ్గులోకి పిండించాను. పావు లీటరు దాటింది. తర్వాత ఆ రసం ఏమైందో చార్టులో రాయలేదు.

మేడమ్‌కి చెబితే నీళ్ళ సంగతి తర్వాత, ముందు పొటాషియం అంది. కిడ్నీ పనిచేయనివాళ్ళలో అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. పండు నిండా పొటాషియమే. డైట్ షీట్లో "పండ్లు తగ్గించాలి" అని అచ్చేసి ఉంది. నూజివీడు పక్కన పుట్టినవాడికి మే నెలలో ఆ ముక్క ఎలా అర్థమవుతుంది? అరటిపండు మానేశాడు పాపం. మామిడి పండ్ల జాబితాలోకి వస్తుందని ఆయన అనుకోలేదు.

షీటు వెనక తెలుగులో రాసిచ్చాను: చిన్న రసం వద్దు, పెద్ద రసం వద్దు, బంగినపల్లి వద్దు, తాండ్ర కూడా వద్దు. పిన్నికి చదువు రాదు, అందుకని బొమ్మ గీసి కొట్టేశాను. బాబాయ్ చూసి, "కలెక్టరు మామిడి రాయలేదుగా!" అన్నాడు. అదీ రాశాను.

మే 12

నర్సుల దినం. దీపాలు, ప్రతిజ్ఞ, స్పీచులు. నైటింగేల్ 1820లో ఇదే రోజు పుట్టింది. స్పీచుల్లో ఎవరూ చెప్పని సంగతి, ఆవిడ జర్మనీలో కైసర్స్‌వెర్త్‌కి వెళ్ళి శిక్షణ తీసుకున్నది 1851లో. అంటే ముప్పై ఒక్క ఏళ్ళ వయసులో. అదీ కొన్ని నెలలే. అందరికంటే పెద్ద యాక్సిలరేటెడ్ స్టూడెంట్ ఆవిడే. ఆ తర్వాత 1860లో లండన్‌లో తను పెట్టించిన స్కూల్లో మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు, ఏడాదిపాటు వార్డులో నిలబెట్టింది.

ఇదే డాలస్ చెల్లితో అన్నాను. అది అలిసిపోయి ఉంది. సెలవుల్లేవు, వారానికి రెండు పరీక్షలు, పిల్లాడికి జ్వరం. చివర్లో ఎన్‌క్లెక్స్ అని కంప్యూటర్ పరీక్ష. మన జవాబుల్ని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, 85 దగ్గర ఆగిపోవచ్చు, 150 దాకా పోవచ్చు. "అక్కా, నువ్వే నయం, నీకు టైముంది" అంది. ఇదే మనిషి నవంబరులో ఏమందో గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను. మనకిక్కడ రెండున్నరేళ్ళ దారి ఒకటి ఉంటే చాలు. పదిహేను నెలలు నాకొద్దు. బాబాయ్ బుట్టలో టెంకలు కనబడాలంటే ఆ మంచం పక్కన చాలా రోజులు తచ్చాడాలి.

జూన్ 8

షావుకారు ఫోన్. "కాటా చీటీలకీ పద్దుకీ పొంతన కుదరట్లేదమ్మాయ్, ఒక్క ఆదివారం రా." వెళ్ళాను. ట్రేల బరువు తీసెయ్యకుండా కట్టారు, అంతే. భోజనం పెట్టి, బీపీ చూడమన్నాడు. చూశాను. మిషన్ నాది, ఫీజు ఆయన ఇవ్వలేదు.

ఆగస్టు 17

మొన్న పంద్రాగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ మామూలు బస్సుల్లో ఛార్జీ లేదు. పల్లెవెలుగులో కాలు పెట్టడానికి సందు కూడా లేదు.

ఆగస్టు 26

కమ్యూనిటీ పోస్టింగ్. ఇల్లిల్లూ తిరిగి సర్వే. మా బ్యాచ్‌కి పడ్డ ఊళ్ళు ముసునూరు వైపు, అంటే ఇన్నేళ్ళూ నేను పద్దులు రాసిన ఊళ్ళే. చేతిలో రిజిస్టరు, పక్కన ఆశా కార్యకర్త.

మూడో ఇంట్లో అరుగు మీద పడుకున్న పెద్దాయన నన్ను చూసి లేచి, గబగబా దొడ్డివైపు నడిచాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి, "ఇంట్లో లేరమ్మా" అంది. ఆశా అక్క నవ్వాపుకోలేక నా చెవిలో చెప్పింది. నేను మందుల కొట్టు బాకీ వసూలుకి వచ్చాననుకున్నారట. రిజిస్టరు కూడా అదే సైజు.

యూనిఫాం చూపించి, బీపీ చూడ్డానికొచ్చాం బాబాయ్ అని దొడ్లోకి వినబడేలా అరిచాను. నమ్మకం లేకుండానే వచ్చి, చెయ్యి చాపాడు. 168/100. ఒక్కసారి చూసి రాయకూడదు, కూర్చోబెట్టి అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడాలి. ఆ అయిదు నిమిషాలూ పామాయిల్ ధర గురించి మాట్లాడుకున్నాం. బాకీ ఊసు ఎత్తలేదు. 146/90. రెండూ రాసుకున్నాను, గురువారం పీహెచ్‌సీకి రమ్మన్నాను. "కొట్లో చెప్పవుగా?" అన్నాడు.