ఉప్పల్ కూడలిలో

దారి దాటుటయు నొక ప్రయాణమేనా యని మీరు నవ్వవచ్చును. మా యింటికిని మావారు చదువు చెప్పు బడికిని నడుమ జాతీయ రహదారి కలదు. మావారు నిత్యము సైకిలు దిగి, దానిని నడిపించుకొనుచు దాటుదురు. వచ్చు జూను నెలనుండి మా పెద్దవాడును సైకిలుపై బడికి పోయెదనని పట్టుబట్టినాడు. ఆ మాట విన్నది మొదలు నాకు కంటికి నిద్ర లేదు.

ఇట్లుండగా మొన్నటి సెలవులలో హైదరాబాదునందలి మా ఆడుబిడ్డ యింటికి పోయితిమి. ఉప్పల్ కూడలిలో వరంగల్లు మార్గమును, లోపలి వలయ మార్గమును కలిసికొనును. నడచువారికై యచ్చట 2023వ సంవత్సరము జూన్ నెలలో నొక యాకాశవంతెన తెరచిరి. 600 మీటర్లకు మించిన పొడవుతో నది కూడలిని చుట్టి, మెట్రో స్టేషనుతో కలియును. మెట్లును, కదలు మెట్లును, లిఫ్టులును గలవు. మోకాళ్ల నొప్పులుగల మా అత్తగారు లిఫ్టులో సుఖముగా పైకి వచ్చి, క్రింది వాహన ప్రవాహమును కొంతసేపు చూచి, "అమ్మాయీ! బండ్లకు నేలయు, మనకు మిద్దెయునా?" అనిరి.

ఆ మాట నన్ను విడువలేదు. అంతటి కూడలికి వంతెన తగినదే. కాని ప్రతి యూరను కోట్లు వెచ్చించి వంతెనలు కట్టగలమా? మెట్లపై సైకిలు మోయువా రెవరు? లిఫ్టు చెడిన దినమున వృద్ధుల గతి యేమి?

నేలమీదనే సులభోపాయములు కలవు. దారి నడుమ సైకిలుతో నిలువదగినట్లు రెండు మీటర్ల వెడల్పున తిన్నె కట్టినచో, దాటుట రెండు భాగములగును. తిన్నె చేరువరకు కుడివైపును, అటుపిమ్మట నెడమవైపును చూచిన చాలును. వీధులలో దాటుచోటును కాలిబాట యెత్తునకు లేపినచో వాహనములు వేగము తగ్గించును. నడచువారును వాహనములును కలిసి పోవు వీధులలో గంటకు 30 కిలోమీటర్లు మించరాదని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది.

దీపములున్న చోట్ల కాలమును లెక్కించు ఇంజనీర్లు, మనుష్యుడు సెకండునకు 1.2 మీటర్లు నడచునని సాధారణముగా తలంతురు. ఆ లెక్కను నాలుగు వరుసల దారి, అనగా 14 మీటర్లు, దాటుటకు 12 సెకండ్లు చాలును. అత్తగారి చేయి పట్టుకొని నడచిన నాకు 20 సెకండ్లును చాలలేదు! ఆ లెక్క యువకుని కాళ్లతో గాక, వృద్ధురాలి కాళ్లతో వేయవలదా?

ఇల్లు చేరిన పిదప ఇరుగుపొరుగు తల్లులము కలిసి, బడి యెదుట తిన్నెయు దీపమును కావలెనని విజ్ఞప్తి వ్రాసితిమి. మొదటి సంతకము మా అత్తగారిది. మా పెద్దవాడు దినదినము సైకిలు తుడుచుకొనుచున్నాడు, జూను దగ్గరపడుచున్నది. మీ యూళ్ల తల్లులును ఇట్టి విజ్ఞప్తి నొకదానిని వ్రాయుదురని నా ప్రార్థన.