అక్కఱయు, అభ్యర్థనయు

చదువు కొఱకు సాయము నర్థించుట చిన్నతనమని కొందఱు తలంతురు. కాని యాచన వేఱు, అభ్యర్థన వేఱు. యాచకుడు దాత దయనే కోరును. అభ్యర్థి తన యక్కఱను, తన కృషిని దాత యెదుట నుంచి న్యాయము కోరును. ఈ భేదమును గ్రహించుటకు గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ జీవితము చక్కని నిదర్శనము.

రామానుజన్ 1887లో ఈరోడున జన్మించి, కుంభకోణమున పెరిగెను. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. 1904లో రామానుజన్ ఆ యూరి ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరెను. కాని గణితముపై గల మక్కువచే తక్కిన పాఠములను అలక్ష్యము చేయగా, వేతనము నిలిచిపోయెను. తల్లి కోమలతమ్మాళ్ ప్రిన్సిపాలును కలిసికొని, గణితమున సాటిలేని తన బిడ్డకు వేతన మేల యీయరని అడిగెను. ఆయన మర్యాదతో వినెనే గాని నిబంధనను సడలింపలేదు. 1905లో ఆ యువకుడు ఇంట చెప్పక విశాఖపట్టణము వెడలిపోయెను. మఱుసటి సంవత్సరము మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరెను గాని, ఎఫ్.ఏ. పరీక్షలో కృతార్థుడు కాలేదు.

అయినను లెక్కల పుస్తకమును విడువలేదు. కొన్నేండ్లకు, నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావును దర్శించి, తన గణితమును చూపెను. ఏమి కావలయునని ఆయన యడుగగా, పరిశోధనకు తీరిక నిచ్చునంతటి గ్రాసము చాలునని చెప్పెను. రామచంద్రరావు కొంతకాలము నెలకు 25 రూపాయల నొసగెను. విద్యార్థివేతనమునకై చేసిన యత్నములు ఫలింపలేదు. చిరకాలము ఒకరిపై భారముగా నుండుట కిష్టపడక, రామానుజన్ 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరెను.

1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జిలోని ఆచార్య హార్డీకి తన సిద్ధాంతములను వ్రాసి పంపెను. మఱుసటి నెల వ్రాసిన లేఖలో తాను అర్ధాకలితో నున్నాననియు, మేధను కాపాడుకొనుటకు ఆహారము కావలెననియు, హార్డీ సానుభూతితో నొక జాబు వ్రాసినచో వేతనము లభింపవచ్చుననియు దాపఱికము లేక తెలిపెను. శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వాకర్ కూడ విశ్వవిద్యాలయమునకు సిఫారసు చేసెను. పట్టము లేని ఆ గుమాస్తాకు మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల చొప్పున రెండేండ్లు పరిశోధక వేతనము మంజూరు చేసెను. నాడు తల్లి మాటకు సడలని నిబంధన, నేడు కృషి చూపిన సాక్ష్యమునకు దారి యిచ్చెను.

1914లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. పిమ్మట విశ్వవిద్యాలయము ఏటికి 250 పౌనుల వేతనము నిర్ణయింపగా, వ్యాధితో నున్న రామానుజన్ 1919 జనవరిలో రిజిస్ట్రారునకు జాబు వ్రాసెను. ఆ ధనము తన యవసరమును మించుననియు, తలిదండ్రులకు ఏటికి 50 పౌనులిచ్చి, తన ఖర్చులు పోగా మిగిలినది పేదబాలుర యొక్కయు, అనాథల యొక్కయు బడిజీతములను తగ్గించుటకును, బడులలో పుస్తకములు సమకూర్చుటకును వినియోగింపుడనియు కోరెను. మఱుసటి యేడు ఏప్రిలులో ఆయన కీర్తిశేషుడయ్యెను.

విద్యార్థులారా! కళాశాలకు సాయము కోరి వ్రాయవలసిన దినము మీలో కొందఱికి రావచ్చును. అపుడు సిగ్గుపడకుడు, ఉన్నదానిని దాచకుడు, లేనిదానిని పెంచకుడు. ఎంత కావలెనో, ఏల కావలెనో స్పష్టముగ వ్రాసి, మీ శ్రమకు నిదర్శనమును జతపఱచుడు. ఒకసారి కాదన్నచో మఱల అడుగుడు. అక్కఱ తీరిన పిమ్మట, అడుగనేరక వెనుక నిలిచిన వానిని మఱువకుడు.