ఆ సెలవు ఎవరి పిల్లల కోసం?

ఇరవై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెబుతున్నాను. అందులో పన్నెండేళ్ళుగా ఉపాధ్యాయ సంఘం పని కూడా. మొదట మండలంలో, తర్వాత జిల్లాలో మహిళల తరఫు బాధ్యత. "రెండూ ఎలా నెట్టుకొస్తున్నావమ్మా?" అని అందరూ అడుగుతారు. నిజం చెప్పొద్దూ, చాలాకాలం ఇల్లు నెట్టుకొచ్చింది నేను కాదు, మా అత్తయ్యగారు.

బడినుంచి రాగానే ఫోన్ మోగేది. ఒకరికి ఇంక్రిమెంటు పడలేదు, ఇంకొకరికి బదిలీ కౌన్సెలింగులో పాయింట్లు తప్పాయి, మరొకరికి ప్రసూతి సెలవు జీతం ఆగింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చారు పోపు పెట్టేదాన్ని. ఎన్ని పోపులు మాడాయో లెక్కలేదు.

2022 ఫిబ్రవరి 3న, కొత్త పీఆర్సీ జీవోల మీద 'చలో విజయవాడ'. అవి కరోనా మూడో విడత రోజులు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ముందురోజు రాత్రినుంచి జ్వరం. "నేను చూసుకుంటాలే, వెళ్ళిరా" అన్నారు అత్తయ్యగారు. మావారు ఏమీ అనలేదు. దారిలో పోలీసులు ఆపుతారని తెల్లవారకముందే బయలుదేరాను. వేలమంది మధ్య నినాదాలిస్తున్నానే గానీ మనసంతా థర్మామీటరు మీదే. రాత్రి తిరిగొచ్చేసరికి జ్వరం తగ్గి పాప నిద్రపోయింది. మంచం పక్కన కంచంలో తినని ఇడ్లీ ఎండిపోయి ఉంది.

ఆ మార్చిలోనే మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు 60 రోజులనుంచి 180 రోజులకు పెరిగింది. దానికోసం మేమిచ్చిన వినతిపత్రాల్లో కొన్ని నా చేతిరాతే. స్వీట్ల పెట్టెతో ఇంటికొచ్చి చెప్పాను. పాప మైసూర్‌పాక్ కొరుకుతూ, "ఆ సెలవు ఎవరి పిల్లల కోసమమ్మా?" అంది.

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అంతకుముందున్న 60 రోజుల్లో నేను ఒక్కటీ వాడుకోలేదు మరి!

తర్వాతి కార్యవర్గ సమావేశంలో నోరు విప్పాను. సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదింటికి ముగిసే మీటింగులకు ఆడవాళ్ళెలా వస్తారు? వాదనలయ్యాక ఆదివారం ఉదయానికి మార్చారు. ఇద్దరు కొత్త టీచర్లు రాసాగారు. ఫోన్లు ముగ్గురం పంచుకున్నాం. ఇంట్లోనూ ఒక డిమాండు పెట్టాను, రాత్రివంట మావారిదని. అత్తయ్యగారు మూతి ముడిచారు. మొదట్లో పప్పులో ఉప్పుండేది కాదు. ఇప్పుడు నాకంటే ఆయన టమాటా పప్పే బాగుంటుందంటుంది మా అమ్మాయి.

2024 మార్చిలో పాప పదో తరగతి పరీక్షలకు పదిహేను రోజులు సెలవు అడిగాను. "పరీక్షల డ్యూటీల సమయం, నాయకురాలివి నువ్వే పెడితే ఎలా?" అన్నారు పైవారు. "నేనే పెట్టకపోతే మిగతావాళ్ళకు అడిగే ధైర్యం ఎక్కడినుంచి వస్తుందండీ?" అన్నాను. రెండుసార్లు తిరిగితే మంజూరైంది. ఆ పదిహేను రోజులూ పాపకి నేనేమీ చదువు చెప్పలేదు. వేడివేడిగా అన్నం పెట్టి, పక్కన కూర్చున్నానంతే. సంఘం పనీ ఆగలేదు.

ఇప్పటికీ అన్నీ కుదిరాయని అనను. మొన్న కూడా పోపు మాడింది. కానీ పోరాడి తెచ్చుకున్న సెలవుని దాచుకుంటే వడ్డీ రాదు. ఉన్నవాళ్ళు వాడుకోండమ్మా, పిల్లలు ఆగి పెరగరు.